మూతి కుదరని పెన్నులు

రాజమండ్రిలో పెన్నుల కొట్టు ముందు ఒకప్పుడు వినబడే మాటలు రెండే. "పాళీ మార్చాలండి", "కొంచెం నాలిక సర్దిపెట్టండి". ఇప్పుడు మూడో మాట మొదలైంది. "మా అల్లుడు అమెరికా నుంచి తెచ్చాడండి, చాలా ఖరీదంట. ఇంకు ఎక్కడ పొయ్యాలో తెలీట్లేదు."

మూత తీస్తే బంగారు పాళీ ధగధగలాడుతుంది. వెనక గొట్టం విప్పితే లోపల ఖాళీ. ఇంకు పీల్చి నిలవ ఉంచుకోవడానికి కావలసిన కన్వర్టర్ పెట్టెలోనే పోయిందో, అసలు ఇవ్వనే లేదో! ఆ చిన్న గొట్టం లేక అంత పెన్నూ బీరువాలో పట్టుచీరల మధ్య పడుకుంటుంది. డెల్టాలో ఇలాంటి పెన్నులు ఇంటికొకటి కాకపోయినా వీధికొకటి ఉంటాయి.

ఫిల్లరుతో పెరిగిన వాళ్లకి ఈ గొడవ కొత్త. మన పెన్నుకి ముక్కూ మూతీ చూసే పనే ఉండేది కాదు. ముందు భాగం మర తిప్పి తియ్యడం, గొట్టంలోకి ఫిల్లరుతో ఇంకు వదలడం, మళ్లీ బిగించడం, అంతే. కోసూరి వెంకటరత్నం గారు 1932లో రాజమండ్రిలో స్వదేశీ పెన్ను చెయ్యడం మొదలుపెట్టినప్పుడూ పద్ధతి అదే. 1935లో గాంధీగారు ఆ పెన్ను అందుకుని మెచ్చుకుంటూ రాసిన ఉత్తరం సంగతి ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నల్లటి ఎబొనైట్ (గట్టి రబ్బరు) కడ్డీని లేతు మీద చెక్కి, లోపల తొలిచి, మర పోస్తే ఆ గొట్టమే సిరాబుడ్డి. రెండు మూడు మిల్లీలీటర్లు హాయిగా పట్టేది. రోజుకి రెండు మూడు పేజీలు రాసేవాళ్లకి వారం దాటి వచ్చేది.

బళ్లో పరీక్ష మధ్యలో ఇంకు అయిపోతే పక్కవాడి పెన్నులోంచి బల్ల మీద రెండు చుక్కలు విదిలించుకుని, మన పాళీతో పీల్చుకోవడం ఉండేది. ఆ రెండు చుక్కలూ మర్నాడు తిరిగివ్వాలి, లెక్క తప్పితే గొడవే. అద్దుడు కాగితం లేకపోతే సుద్దముక్కతో అద్దేవాళ్లు. సీసా కొనలేని ఇళ్లల్లో ఇంకు బిళ్ల నీళ్లలో కరిగించి పోసేవాళ్లు. అది పూర్తిగా కరక్క అడుగున మడ్డి మిగిలేది, ఆ మడ్డి పాళీ కింద ఉండి దానికి ఇంకు అందించే నాలిక గాడిలో చేరి పెన్ను మొరాయించేది. పాత పెన్నులు ఆగిపోయాయని తెస్తే ఇప్పటికీ సగం వాటిలో దొరికేది ఆ మడ్డే. ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, పాత మెత్తటి టూత్‌బ్రష్షుతో నాలిక గాడి తోమితే లేచి కూర్చుంటాయి.

ఆ పెన్నుల బలహీనత కూడా మనకి బాగా తెలుసు. సగం అయిపోయాక కక్కేవి. ఇంకు నిండా ఉన్నప్పుడు బుద్ధిగా రాసిన పెన్ను మూడోవంతుకి రాగానే కాగితం మీద బొట్టు పెట్టేది. దీనికి లెక్క ఉంది. 30 డిగ్రీల గాలి చేతి వేడికి 37 డిగ్రీలకి వస్తే సుమారు 2 శాతం వ్యాకోచిస్తుంది. గొట్టంలో 2 మి.లీ. గాలి ఉంటే పెరిగేది 0.05 మి.లీ. కాస్త అటూ ఇటూగా, అంటే ఒక చుక్క. ఆ చుక్కే వచ్చి రికార్డు పుస్తకం మీద పడేది. అదే కన్వర్టర్ సగం ఖాళీ అయితే లోపల గాలి అర మి.లీ. కూడా ఉండదు, పెరిగేది పావుచుక్క. దాన్ని నాలిక మీదున్న దువ్వెన పళ్లు పట్టి ఆపేస్తాయి. కన్వర్టర్ గొప్ప అక్కడుంది. పట్టేది తక్కువ గనక కక్కేదీ తక్కువ. ఎబొనైట్ వేడిని నెమ్మదిగా లోపలికి పంపుతుంది కాబట్టి మన పెన్నులు కొంత తట్టుకునేవి. పల్చటి ఇనప గొట్టం పెన్నులో ఇంకు నేరుగా పోసి చూస్తే తేడా చొక్కా జేబు చెబుతుంది.

సరే, అల్లుడు తెచ్చిన పెన్ను సంగతి.

కొట్లో మామూలుగా జరిగేది ఇది.

"ఏ కంపెనీ అండీ?"

"పేరు నోరు తిరగట్లేదండి."

"పేరు తర్వాత చూద్దాం మాస్టారూ. ముందు గొట్టం విప్పి ముక్కు చూపించండి."

ఆ కొట్టాయన అడిగిందే సరైన ప్రశ్న. గొట్టం విప్పాక వేళ్లతో పట్టుకునే ముక్క మిగులుతుంది, దాన్ని సెక్షన్ అంటారు. దాని వెనక బెజ్జంలోకి సెల్‌ఫోన్ టార్చి కొట్టి చూస్తే నడుమ సన్నటి చిన్న గొట్టం నిలబడి కనిపిస్తుంది. అది ముక్కు. కన్వర్టర్‌కి ఉన్న నోరు మూతి. ముక్కు మీద మూతి బిర్రుగా కూర్చోవాలి. పెన్ను మీద పేరు ఎంత పెద్దదైనా చూడవలసింది ఈ రెండే.

అంతకన్నా ముందు అసలు ఆ పెన్నుకి కన్వర్టర్ అక్కర్లేదేమో చూడాలి. లావుపాటి మోంట్‌బ్లాంక్ 149, దాని తమ్ముడు 146, పెలికాన్ సూవరేన్, లామీ 2000, ఇవన్నీ పిస్టన్ పెన్నులు. వెనక చివర ఉన్న మరని తిప్పితే గొట్టమే ఇంకు పీల్చుకుంటుంది. అది తెలియక గొట్టం ఊడదీయాలని రెంచితో పట్టి పాడుచేసిన పెన్నులు ఉన్నాయి. పాత పార్కర్ 51 సంగతీ అంతే. తాతగారి ప్లీడరు గుమాస్తా రోజుల పెన్ను అని చాలామంది తెస్తారు. 1941లో మొదలైన వాటిలో వెనక గుండీ నొక్కే రకం, 1948 తర్వాత వచ్చిన వాటిలో లోపల లోహపు తొడుగులో రబ్బరులా మెత్తటి సంచి ఉన్న రకం. ఆ తొడుగుని కన్వర్టర్ అనుకుని లాగితే ఊడదు, విరుగుతుంది. దానికి వేరే కన్వర్టర్ అంటూ లేదు. పార్కర్‌లో కార్ట్రిడ్జీ (ఇంకు నింపే వచ్చే చిన్న గొట్టం), కన్వర్టర్ రెండూ పట్టే దారి 1960లో వచ్చిన పార్కర్ 45తో బాగా పాకింది. ఆ 45లు మన దగ్గర ఉద్యోగస్థుల జేబుల్లో బోలెడు కనిపించేవి.

కన్వర్టర్ పట్టే పెన్నే అని తేలితే అప్పుడు కులగోత్రాలు చూడాలి. యూరప్ పెన్నుల్లో చాలావాటికి ఇంటర్నేషనల్ స్టాండర్డ్ అనే ఒకే కొలత. వాటర్‌మన్, గ్రాఫ్ ఫాన్ ఫాబెర్-కాస్టెల్, కారన్ దాష్, విస్కాంటి, మోంటెగ్రాప్పా ఈ గోత్రం. మోంట్‌బ్లాంక్‌లో కార్ట్రిడ్జీ పట్టే 145 కూడా ఇదే. వీటికి జర్మనీ ష్మిట్ వాళ్ల కె5 సాధారణంగా సరిపోతుంది. రాజమండ్రి ఎబొనైట్ పెన్నుల్లోనూ కొన్నింటికి ఇప్పుడు ష్మిట్ కన్వర్టర్ పెట్టే ఇస్తున్నారు కాబట్టి ఆ సరుకు మనకి దగ్గరే దొరుకుతుంది. అల్లుడి పెన్నుకి కావలసింది అల్లుడి ఊళ్లో వెతకనక్కర్లేదు.

రెండో జాతి ఎవరి కొలత వాళ్లదే అనే రకం. పార్కర్, షెఫర్, క్రాస్, లామీ, జపాన్ వాళ్ల పైలట్, సెయిలర్, ప్లాటినం. వీటిలో ఇటలీ అరోరాకి మాత్రం పార్కర్ రకం పడుతుంది. మిగతా వాళ్ల దగ్గర పేరు కుదిరినా పని కాదు, మోడల్ కూడా చూడాలి. క్రాస్‌లో నొక్కి పెట్టేదొకటి, మర తిప్పి బిగించేదొకటి. లామీ సఫారీకి వాడే కన్వర్టర్‌కి రెండు పక్కలా చిన్న బుడిపెలు ఉంటాయి, సెక్షన్‌లో వాటికి గాడులు ఉంటేనే కూర్చుంటుంది. ఖరీదైన లామీలకి చాలావాటికి జెడ్27 అనే వేరే రకం. పైలట్‌లో కాన్-70 ఒక మిల్లీలీటరు దాకా పట్టే మంచి సాధనం, వెనక గుండీ టకటకా నొక్కితే నిండుతుంది. కానీ పాళీ లోపలికి దాక్కునే పైలట్ కాప్‌లెస్‌లో అది దూరదు, చిన్నదైన కాన్-40 పెట్టుకోవాలి. దానిలో పట్టేది 0.4 మి.లీ. మాత్రమే. షెఫర్ టార్గాలో సన్న రకానికి మామూలు షెఫర్ కన్వర్టర్ లావైపోతుంది. పార్కర్ మూతి, లామీ మూతి చూపుకి అన్నదమ్ముల్లా ఉంటాయి. కొట్టు గాజుపలక మీద పెట్టి చూసి "ఇదే అండీ" అన్నవాళ్ల మాట ఇక్కడ చెల్లదు, నీళ్లు పోసి చూడాల్సిందే.

సెక్షన్ లోపల ముక్కు చుట్టూ మర గీతలు కనబడితే అది మరతో బిగించే కన్వర్టర్ కోరే పెన్ను. అలాంటి దాంట్లో కూడా మామూలు స్టాండర్డ్ కన్వర్టర్ నొక్కితే నిలబడవచ్చు. నిలబడడం వేరు, నమ్మకంగా నిలబడడం వేరు.

గోత్రం తెలియని పెన్నుకి చవకైన పరీక్ష ఒకటుంది. ముందు పొట్టి స్టాండర్డ్ కార్ట్రిడ్జీ ఒకటి కొనండి. దాని పొడవు నాలుగు సెంటీమీటర్లకి కాస్త లోపే. నిటారుగా పెట్టి బొటనవేలితో నొక్కితే చిన్నగా టక్కుమని, బిర్రుగా పట్టుకోవాలి. తిప్పుతూ నొక్కకూడదు. అది వదులుగా ఊగినా, అసలు దూరకపోయినా పెన్ను రెండో జాతిదే. ఆ ప్రయోగం ఖరీదైన కన్వర్టర్‌తో చేస్తే, సన్న మూతి విచ్చుకుని తల వెంట్రుకంత తెల్లగీత పడుతుంది. కంటికి ఆనదు, రెండు రోజుల తర్వాత ఇంకు ఊరుతుంది. ఇంకా బలం చేస్తే ముక్కే విరుగుతుంది. అప్పుడు కన్వర్టర్ కాదు, సెక్షన్ మొత్తం మార్చాలి, దాని ఖర్చు విన్నాక మళ్లీ పట్టుచీరల మధ్యకే.

మూతి కుదిరాక పొడవు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. అగరబత్తి పుల్ల ఒకటి తీసుకుని వెనక గొట్టంలోకి ఆనేదాకా దూర్చి, అంచు దగ్గర గోరుతో గుర్తు పెట్టండి. అది గొట్టం లోతు. కన్వర్టర్‌ని సెక్షన్‌లో కూర్చోబెట్టి, గొట్టం అంచు వచ్చి ఆగే చోటు నుంచి కన్వర్టర్ వెనక ఇంకు పీల్చడానికి తిప్పే పిడి చివరిదాకా కొలవండి. ఇది లోతుకన్నా కనీసం రెండు మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. పిస్టన్ వెనక్కి లాగినప్పుడు పిడి బయటకి పొడుచుకొచ్చే రకమైతే అలా వచ్చాకే కొలవాలి. సన్న పెన్నులకి లావు కూడా చూడాలి, పాత గొట్టాల లోపల ఇత్తడి తొడుగు ఉండి అది పిడికి రాసుకుంటుంది.

పొడవు రవ్వంత ఎక్కువైతే ఏమవుతుందో చెబితే నమ్మరు. గొట్టం బిగిస్తుంటే అడుగు వెళ్లి పిడికి ఆనుతుంది. గొట్టంతో పాటు పిడి కూడా తిరుగుతుంది. పిస్టన్ కిందకి జరుగుతుంది. పాళీ చివర బొట్టు బొట్టుగా ఇంకు. పెన్ను లీకు అనుకుని పాళీ మారుస్తారు, నాలిక మారుస్తారు, తప్పంతా రెండు మిల్లీమీటర్లది. అనుమానం వస్తే పిడి మీద స్కెచ్ పెన్‌తో చుక్క పెట్టి, బిగించి, విప్పి చూడండి. చుక్క చోటు మారితే దొంగ దొరికినట్టే. కొన్ని గొట్టాల్లో కార్ట్రిడ్జీని నొక్కిపెట్టే చిన్న స్ప్రింగు అడుగున ఉంటుంది, అది ఊడేదైతే తీసేస్తే సరిపోతుంది.

పొట్టి పెన్నులకి చిన్న కన్వర్టర్లు వస్తున్నాయి గానీ పట్టేది బొత్తిగా తక్కువ. వాటికన్నా, వాడేసిన కార్ట్రిడ్జీని కడిగి సిరంజితో నింపుకోవడం మేలు. రెండు మిల్లీలీటర్ల సిరంజి తీసుకుని, సూది మొనని ఆకురాయితో మొద్దుబార్చాలి. పొట్టి కార్ట్రిడ్జీ ముప్పావు మి.లీ. దాకా పడుతుంది, అంటే చాలా కన్వర్టర్ల కంటే తీసిపోదు. నాలుగైదు సార్లు తీసి పెడితే మూతి వదులవుతుంది, పారేసి కొత్తది పెట్టుకోవాలి. ఇది మన ఫిల్లరు పనే, గొట్టం మారిందంతే. ఎంత ఖరీదైన పెన్నుకైనా ఇది తలవంపులేం కాదు.

ఇంకు పోసే ముందు నీళ్ల పరీక్ష. పాళీ మొత్తం మునిగేలా గిన్నెలో ముంచి పిడి తిప్పి పీల్చండి. కన్వర్టర్‌లోకి నీళ్లతో పాటు బుడగల వరస ఆగకుండా వస్తుంటే మూతి దగ్గర గాలి దూరుతోంది. బుడగలు లేకపోతే బయట తుడిచి, గొట్టం బిగించకుండా పాళీ కిందకి ఉండేలా ఖాళీ సీసాలో గంటసేపు నిలబెట్టండి. పాళీ చివర ఒక్క తడి చుక్క ఆగితే ఫర్వాలేదు, కింద పడకూడదు. తర్వాత మెత్తటి కాగితం ముక్కతో ముక్కు-మూతి అతుకు చుట్టూ తుడవండి. పొడిగా ఉండాలి. తడి తగిలితే ఆ కన్వర్టర్ ఆ పెన్నుది కాదు.

ఇక్కడ మనవాళ్ల తెలివి పనికిరాదు. వదులు మూతికి దారం చుట్టడం, ప్లంబరు టేపు పెట్టడం, ఫెవిక్విక్ చుక్క వెయ్యడం, ఇవన్నీ పాత పెన్నుల మరలకి చేసిన అలవాట్లు. మర మీద వేజలైన్ రాసిన రోజులున్నాయి, అదే చెయ్యి దీనిమీదా పడుతుంది. కన్వర్టర్ పిస్టన్‌కి రబ్బరు వలయం ఉంటుంది, వేజలైన్ దాన్ని ఉబ్బిస్తుంది. పిడి బిగుసుకుంటే అగ్గిపుల్ల కొనతో ఆవగింజలో సగమంత సిలికాన్ గ్రీజు లోపలి గోడకి అద్ది, పిస్టన్ అయిదారుసార్లు పైకీ కిందకీ నడపండి. ఎక్కువైతే గ్రీజు కిందకి దిగి నాలిక మీదకి చేరుతుంది, అప్పుడు పాళీకి ఇంకు అంటదు.

నింపడంలో పెద్ద మర్మం లేదు. పాళీతో పాటు సెక్షన్ అంచు కూడా మునగాలి. పీల్చి, వదిలి, మళ్లీ పీల్చాలి. మొదటిసారి సగమే నిండుతుంది, నాలికలో ఉన్న గాలి పోవాలి కదా. మూడోసారికి నిండాక రెండు మూడు చుక్కలు సీసాలోకి వదిలి, పాళీ పైకి పెట్టి పిడిని వెనక్కి తిప్పితే నాలికలో ఎక్కువైంది లోపలికి పోతుంది. తర్వాత గుడ్డతో తుడవడం. ప్రతిసారీ కన్వర్టర్ ఊడదీసి నింపేవాళ్లున్నారు. అలా చేస్తే మూతి అరుగుతుంది. అది కూర్చున్న చోటే ఉండనివ్వండి.

రాస్తుండగా ఇంకు ఉండి కూడా పెన్ను ఆగిపోవడం కన్వర్టర్ల ప్రత్యేక జబ్బు. విప్పి చూస్తే ఇంకు మొత్తం పిస్టన్ దగ్గర అంటుకుని, ముక్కు దగ్గర గాలి నిలబడి ఉంటుంది. సన్నటి గొట్టంలో ఇంకు గోడని పట్టుకుని జారదు. మన అలవాటు ప్రకారం విదిలిస్తే గోడ మీద నీలిచుక్కలే మిగులుతాయి. గిన్నెలు తోమే ద్రావకం ఒక్క చుక్క గ్లాసు నీళ్లలో కలిపి కన్వర్టర్‌లో నాలుగుసార్లు పీల్చి వదిలి, మంచినీళ్లతో బాగా కడిగితే జిడ్డు పోయి ఇంకు జారుతుంది. అప్పటికీ మానకపోతే లోపల చిన్న స్టెయిన్‌లెస్ స్టీలు గుండు వెయ్యాలి, మూతిలో దూరేంత చిన్నదైతే చాలు. సైకిలు బేరింగుల్లోంచి తీసిన గుండు వద్దు, తుప్పు పడుతుంది.

నీళ్లు అన్నాను గనక మన నీళ్ల సంగతి. వానాకాలం గోదారికి ఎర్రనీళ్లు వస్తే కాలవ నీళ్లలో ఒండ్రు ఉంటుంది. వడకట్టినా సన్నది మిగులుతుంది, అది నాలిక గాడిలో బిళ్ల కరగని మడ్డిలాగే పనిచేస్తుంది. సముద్రం వైపు, అంతర్వేది, నరసాపురం చాయల్లో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పన. ఆరితే తెల్లటి పొర కడుతుంది. పెన్ను కడగడానికి తాగే డబ్బానీళ్లు వాడండి, ఆఖరుసారి ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగితే ఇంకా మంచిది. వేణ్ణీళ్లు అసలు వద్దు. ఎబొనైట్ వేడికీ, ఎండకీ నలుపు తగ్గి గోధుమరంగుకి తిరుగుతుంది, పాత పెన్నులు అందుకే వెలిసిపోయి కనబడతాయి.

శ్రావణ భాద్రపదాల ముసురులో ఇంకు సీసాకే బూజు పడుతుంది. పైన తేలే తెట్టు, తడిసిన గోడల వాసన, ఈ రెండిట్లో ఏది కనబడినా ఆ ఇంకు పారబొయ్యాలి, దాంతో నింపిన కన్వర్టర్ విడిగా కడగాలి. ఖరీదైన పెన్నులో డ్రాయింగ్ ఇంకు, స్టాంపు ప్యాడు ఇంకు పోసినవాళ్లని చూస్తే కోపం కాదు, జాలి వేస్తుంది. మొదటిదానిలో లక్క ఉంటుంది, ఎండితే నాలికలో రాయి. రెండోది అసలు పెన్నుకి చేసిందే కాదు.

అన్నీ కుదిరాక మూడు రోజులు ఆ పెన్నుని ఇంట్లోనే వాడండి. మొదటి రోజు నిండుగా, రెండో రోజు సగంతో, మూడో రోజు పావుతో. పావు ఉన్నప్పుడు పాళీ పైకి పెట్టి జేబులో వేసుకుని ఒక మధ్యాహ్నం అలా రావులపాలెం దాకా బస్సులో వెళ్లి రండి. ఎక్కేముందు పాత చొక్కా వేసుకోండి. దిగాక మూత తీసి లోపల గుడ్డ తిప్పి చూడండి. గుడ్డ తెల్లగా వస్తే మర్నాటి నుంచి ఇస్త్రీ చొక్కాకి తగిలించుకోవచ్చు.